డిపాజిట్లు గల్లంతు

మా బాబాయి గొడ్లచావిడికి మూడు పార్టీల కప్పు ఉంది. ఉత్తరం వాలుకు పసుపు, దక్షిణం వాలుకు నీలం ఆకుపచ్చ, నడిమధ్య రేకు చిల్లిపడ్డ చోట మూడు రంగుల అతుకు. గేదె పడుకునే చోట నిలబడి తలెత్తితే ఒక నాయకుడు రెండు చేతులూ జోడించి కనిపిస్తాడు. నడుం కింది భాగం వానకు వెలిసిపోయింది గానీ నవ్వు మాత్రం చెక్కు చెదరలేదు. ఆ గేదె ఏళ్ల తరబడి ఆ దండాలు అందుకుంటూనే ఉంది. పాలు పెరిగిన దాఖలా లేదు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు ఉండబట్టలేక అడిగాను.

“బాబాయ్, ఏ పార్టీ ఫ్లెక్సీ గట్టిగా ఉంటుంది?”

“ఓడిన పార్టీదిరా అబ్బాయ్,” అన్నాడు తడుముకోకుండా. “గెలిచినోడి ఫ్లెక్సీ మీద చెయ్యేస్తే కేసు పెడతారు. ఓడినోడిది తెల్లారేసరికి ఎవడు ముందు లేస్తే వాడిది.”

“మరి ఈ మూడూ?”

“పద్నాలుగులో అతుకు, పంతొమ్మిదిలో ఆ వాలు, ఇరవైనాలుగులో ఈ వాలు. ఐదేళ్లకోసారి ఒకళ్లు ఓడుతున్నారు, మనకో వాలు దక్కుతోంది. ఎవరికి అచ్చొచ్చిందో తెలీదు గానీ ప్రజాస్వామ్యం మన గొడ్లకి మాత్రం అచ్చొచ్చిందిరా.”

ఏ సంస్థను ఎంత నమ్ముతారని లోక్‌నీతి వాళ్లు దేశమంతా తిరిగి అడుగుతుంటారు. సైన్యం పైన తేలుతుంది, రాజకీయ పార్టీలు అడుగున తేలుతాయి. పాపం అంత దూరం తిరగక్కర్లేదు. మా బాబాయి చావిడి కింద ఐదు నిమిషాలు నిలబడితే సరిపోతుంది.

పార్టీల మీద జనానికి నమ్మకం పోయిందని ఈమధ్య పెద్దవాళ్లంతా తెగ బాధపడిపోతున్నారు. టీవీలో నలుగురు కూర్చుని, ఐదోవాణ్ని నోరెత్తనివ్వకుండా, ఇదే చర్చ. నాకు మాత్రం ఒక్కటే సందేహం. పోయిందంటే ఎక్కడికి పోయింది? పెన్ను పోతుంది, గొడుగు పోతుంది, బస్సులో జేబు తెగి పర్సు పోతుంది. నమ్మకం అలా జారిపడే వస్తువు కాదు. ఎవరో ఒకరి దగ్గర దాచుకుంటేనే పోతుంది. కాబట్టి ఇది వస్తువు పారేసుకున్న కేసు కాదు. డిపాజిట్ కేసు.

డిపాజిట్ కేసుల్లో మనకున్న అనుభవం సామాన్యమైంది కాదు. చీటీల కంపెనీవాళ్లు బస్టాండ్ ఎదురుగా మేడమీద గది అద్దెకు తీసుకుంటారు. అద్దాల తలుపు, లోపల ఏసీ, గోడకు వెంకటేశ్వరస్వామి, బల్లమీద ప్లాస్టిక్ పూలు. ఊళ్లో పంచె నలగని నలుగురు పెద్దమనుషుల్ని తెచ్చి డైరెక్టర్లంటారు. మొదటి పాటలు ఠంచనుగా నడుస్తాయి. చీటీ ఎత్తిన మొదటివాడు ఊరంతా తిరిగి చెబుతాడు. వాణ్ని చూసి టీచరమ్మ పీఎఫ్ తెచ్చి పోస్తుంది, కూతురి పెళ్లికని దాచుకున్నవాడు తెచ్చి పోస్తాడు. ఓ సోమవారం పొద్దున వెళ్లేసరికి తాళం. దీన్ని మన భాషలో బోర్డు తిప్పేయడం అంటారు. పార్టీల భాషలో విలీనం అంటారు.

ఈ పద్ధతి నిన్నా మొన్నా పుట్టింది కాదు. 1969లో తెలంగాణ రగిలింది. చదువుకునే పిల్లలు తుపాకీ గుళ్లకు నేలకూలారు. ఆ కడుపుకోత మీద తెలంగాణ ప్రజాసమితి నిలబడి, 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలో ఉన్న 14 స్థానాలకు 10 గెలుచుకుంది. దేశమంతా ఇందిరమ్మ గాలి వీస్తుంటే ఇక్కడ మాత్రం ఎదురుగాలి. ఓ కొత్త పార్టీ చేతిలో జనం అంత పెద్ద మొత్తం ఎప్పుడో గానీ పెట్టరు. ఆ ఏడాది క్యాలెండర్ చివరి కాగితం చించకముందే సమితి వెళ్లి కాంగ్రెస్‌లో కలిసింది. ప్రత్యేక రాష్ట్రం కోసం గర్జించిన మర్రి చెన్నారెడ్డి ఆ తర్వాత సమైక్య రాష్ట్రానికే రెండుసార్లు ముఖ్యమంత్రి అయ్యారు. డిపాజిటర్లకు అసలు చేతికి రావడానికి ఇంకో 43 ఏళ్లు పట్టింది. అదీ వేరే కంపెనీ నుంచి.

మరి 1982 మాటేమిటి అంటారు. అనాలి. అది కూడా చెప్పకపోతే పాపం తగులుతుంది. 1978 ఎన్నికలకూ 1983 ఎన్నికలకూ మధ్య కాంగ్రెస్ నలుగురు ముఖ్యమంత్రుల్ని మార్చింది. ఏ రోజు ఎవరు ముఖ్యమంత్రో సచివాలయం గేటు దగ్గర బంట్రోతుకే ముందు తెలిసేదని చెప్పుకునేవారు. బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యకు జరిగిన అవమానం తెలుగు ఇళ్లలో మన ఇంటి పెద్దకు జరిగినట్టే తగిలింది. మార్చి 29న ఎన్టీఆర్ తెలుగుదేశం పార్టీ పెట్టారు. పాత షెవ్రొలే వ్యాన్ ఒకటి చైతన్యరథమై ఊరూరా తిరిగింది. తొమ్మిది నెలలు తిరిగేసరికి 294కు రెండొందల పైచిలుకు సీట్లు. డాక్టర్లు, ప్లీడర్లు, టీచర్లు, అంతవరకు సర్పంచ్ గుమ్మం కూడా ఎక్కనివాళ్లు అసెంబ్లీ మెట్లెక్కారు. 1984 ఆగస్టులో గవర్నర్ రాంలాల్ ఆయన్ని దించి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెడితే జనం రోడ్డెక్కారు. ఎమ్మెల్యేలను కర్ణాటక నందిహిల్స్ దాకా తీసుకెళ్లి కాపాడుకోవాల్సి వచ్చింది. నెల తిరిగేసరికి కుర్చీ తిరిగొచ్చింది. డిపాజిటర్లే కదిలి అసలుకు వడ్డీ కలిపి వసూలు చేసుకున్న ఉదంతాలు మన దగ్గర వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అందులో మొదటి వేలు ఇదే.

పదకొండేళ్లకు 1995 ఆగస్టు వచ్చింది. ఈసారి ఎన్టీఆర్‌ను దించింది సొంత ఎమ్మెల్యేలే. నందిహిల్స్ దాకా శ్రమ ఎందుకని హైదరాబాద్‌లోనే వైస్రాయ్ హోటల్. అదే పార్టీ, అదే ఎన్టీఆర్, కొందరు అదే ఎమ్మెల్యేలు. రోడ్డెక్కినవాళ్లే తక్కువ. కాంగ్రెస్‌ను తరిమికొట్టడానికి పుట్టిన ఆ పార్టీ 2018లో తెలంగాణలో అదే కాంగ్రెస్‌తో కూటమి కట్టింది. ఆ ఎన్నికల్లో సైకిల్ గుర్తు మీద గెలిచింది ఇద్దరు. కొన్నాళ్లకు ఆ ఇద్దరూ టీఆర్‌ఎస్ కారెక్కారు. సైకిల్ తొక్కి తొక్కి కాళ్లు పీకినవాళ్లు కారెక్కడం మానవసహజం, తప్పు పట్టకూడదు.

ఆ తర్వాతి కంపెనీ మరింత ఆర్భాటంగా తెరిచింది. 2008 ఆగస్టు 26న తిరుపతిలో ప్రజారాజ్యం. ఆ రోజు అక్కడికి వెళ్లివచ్చిన కుర్రాళ్లను నేనెరుగుదును. లారీ టాపు మీద కూర్చుని వెళ్లి, గొంతు పోగొట్టుకుని, మూడు రోజుల తర్వాత సైగలతో మాట్లాడుతూ తిరిగొచ్చారు. సామాజిక న్యాయం అన్న మాటకు అర్థం వాళ్లు పుస్తకాల్లో చదవలేదు, ఒంటిమీద మోశారు. 2009లో గుర్తు రైలింజను. నూటికి పదహారు ఓట్లు పడ్డాయి, 18 సీట్లొచ్చాయి. కొత్త పార్టీకి ఇది తక్కువేం కాదు. రైలు నెమ్మదిగా వెళ్లినా గమ్యం చేరుతుందని జనం సీట్లో సర్దుకుని కూర్చున్నారు. 2011లో దిగి చూస్తే కాంగ్రెస్ ప్లాట్‌ఫారం. అధినేత ఫస్ట్ క్లాసులో ఢిల్లీ వెళ్లి కేంద్రంలో పర్యాటక మంత్రి అయ్యారు. జనరల్ బోగీలో వాళ్లకు ఆ టికెట్ మీద ముందుకు ప్రయాణం చెల్లదన్నారు.

మిగతావి చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. దేవేందర్ గౌడ్ నవ తెలంగాణ వెళ్లి ప్రజారాజ్యంలో కలిసింది, అంటే బోర్డు తిప్పేసిన కంపెనీ, తిప్పేయబోయే కంపెనీలో పెట్టుబడి పెట్టిందన్నమాట. కిరణ్‌కుమార్ రెడ్డి 2014లో జై సమైక్యాంధ్ర పెట్టి చెప్పుల గుర్తు తీసుకున్నారు. ఒక్క సీటూ రాలేదు. గుర్తు మాత్రం ఎంత ముందుచూపుతో ఎంచుకున్నారో అనిపిస్తుంది. ఆయన కాంగ్రెస్‌లోకి తిరిగొచ్చి, అక్కణ్నుంచి బీజేపీలోకి వెళ్లారు, ఆ చెప్పులు అరగనే లేదు. షర్మిల 2021 జూలైలో తెలంగాణలో పార్టీ పెట్టి, వేల కిలోమీటర్లు నడిచి, 2023 ఎన్నికల్లో పోటీకే దిగకుండా, 2024 జనవరిలో కాంగ్రెస్‌లో కలిపేసి, అదే నెలలో ఆంధ్రప్రదేశ్ కాంగ్రెస్‌కు అధ్యక్షురాలయ్యారు. నడిచింది ఒక రాష్ట్రంలో, చేరింది ఇంకో రాష్ట్రంలో. లోక్‌సత్తా ఒక్కటే ఎక్కడా విలీనం కాకుండా ఈల వేసీ వేసీ అలిసిపోయి పోటీలు మానుకుంది. మర్యాదస్తుల కంపెనీ. డిపాజిట్లు తక్కువ, మోసం లేదు, లాభమూ లేదు.

ఇన్ని బోర్డులు తిరిగాక జనం భాష మారడంలో వింతేముంది? ఒకప్పుడు నాయకుడు ‘మాటిస్తున్నాను’ అనేవాడు. ఇప్పుడు వాళ్ల నోట్లో వినిపించే మాటలు చూడండి. కాంగ్రెస్‌వి ఆరు గ్యారెంటీలు. బీజేపీది మోదీ గ్యారెంటీ. తెలుగుదేశానిది బాబు ష్యూరిటీ, భవిష్యత్తుకు గ్యారెంటీ. ఇవన్నీ అప్పులిచ్చే ఆఫీసులో మాటలు. బ్యాంకు మేనేజరు ఎవరిని ష్యూరిటీ అడుగుతాడు? కిందటిసారి వాయిదాలు ఎగ్గొట్టినవాణ్ని. పార్టీలు తమ పరపతి ఎంతో తామే మైకుల్లో చాటుకుంటున్నాయి, మనం వేరే సర్వేలు చేయించడం దండగ.

వైఎస్సార్ కాంగ్రెస్ ఇంకో అడుగు ముందుకేసింది. 2023లో ‘మా నమ్మకం నువ్వే జగన్’ అని స్టిక్కర్లు అచ్చేసి ఇంటింటికీ తలుపులకు అంటించింది. నమ్మకాన్ని గమ్ముతో అంటించాలన్న ఆలోచన వచ్చిన బుర్రకు దండం పెట్టాలి. అంటించుకోనని చెప్పడానికి ఎవరికి ధైర్యం? అమ్మఒడి పడుతుందో లేదో, పింఛను వస్తుందో రాదో. మా బాబాయి ఇంటి తలుపు మీద కూడా ఒకటి పడింది. ఏడాది తిరిగేసరికి 151 సీట్లు కాస్తా 11 అయ్యాయి. ‘వై నాట్ 175’ అని అడిగినవాళ్లకు ఓటరు నిదానంగా సమాధానం చెప్పాడు. స్టిక్కరు గీకితే రంగు కూడా లేచొచ్చింది. తలుపు మీద ఆ ముక్క మేర మచ్చ ఇప్పటికీ ఉంది, పిన్ని దానిమీద కొత్త క్యాలెండర్ వేలాడదీసింది.

ఈ గ్యారెంటీల కథలో అందరికన్నా తెలివైనవాళ్లు నిజామాబాద్ రైతులు. 2019లో అక్కడ బీజేపీ అభ్యర్థి పసుపు బోర్డు తెస్తానంటే, నోటి మాట వద్దు, బాండ్ పేపరు మీద రాసిమ్మన్నారు. రాసిచ్చారు. ఆ బోర్డు ఆరంభమయ్యేసరికి 2025 సంక్రాంతి వచ్చింది. సరే, ఆలస్యమైనా వచ్చింది కదా అనండి, కాదనను. నా చూపంతా ఆ కాగితం మీదే. ఆ రోజుల్లోనే పార్టీలకు మరో రకం బాండ్లు వచ్చి పడుతుండేవి. ఎవరిచ్చారో మనకు తెలియనక్కర్లేదని చట్టం చేసి తెచ్చుకున్న ఎన్నికల బాండ్లు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసి లెక్కలు బయటపెట్టించింది. టీఆర్‌ఎస్ పేరు మార్చుకున్న భారత రాష్ట్ర సమితికి వెయ్యి కోట్ల పైన. వైఎస్సార్ కాంగ్రెస్‌కు, తెలుగుదేశానికి వందల కోట్లు. బీజేపీకి ఎంతన్నది చెబితే పై అంకెలు సిగ్గుపడతాయి. ఒకే దేశంలో ఒకే కాలంలో రెండు బాండ్లు. రైతు బాండ్‌లో ఎవరు ఎవరికి ఏమివ్వాలో పేరుతో సహా రాసుంది. రెండో బాండ్‌లో ఎవరు, ఎవరికి, ఎందుకు అన్న మూడు ముక్కలూ ఖాళీ.

ఇక కండువా సంగతి. ఎప్పుడైనా చేత్తో పట్టుకుని చూశారా? నేను చూశాను. పెళ్లిలో పక్కన కూర్చున్న ఓ మాజీ కౌన్సిలర్ మెడలోది భోజనాల దగ్గర జారి నా విస్తరి పక్కన పడింది. పల్చటి పాలిస్టరు. రెండు చివరలా బొమ్మ, మధ్యలో మెరుపు. గంజి లేదు, నూలు లేదు, పాయసం ఒలికితే పీల్చుకోలేదు. పైనుంచి జారిపోయింది. నాయకుడికి చెమట పడుతుందని కుట్టినవాడు అనుకోలేదు కాబోలు. కౌన్సిలర్ గారు దులిపి మళ్లీ వేసుకుంటూ, “ఇది కొత్తదండీ, మొన్ననే,” అన్నారు. గుడ్డ గురించి అన్నారో పార్టీ గురించి అన్నారో నేనడగలేదు.

ఈ గుడ్డ మార్పిడిని ఆపడానికి 1985లో చట్టం చేశారు. పదో షెడ్యూలు. ఒకడు ఒంటరిగా గోడ దూకితే సభ్యత్వం పోతుంది. మూడింట రెండొంతుల మంది చెయ్యీ చెయ్యీ పట్టుకుని దూకితే విలీనం, పూలదండ. ఒక్క మేక దొడ్లోంచి పోతే దొంగతనం, మందంతా పోతే వలస అని రాసిపెట్టారన్నమాట. 2019 జూన్‌లో తెలంగాణ కాంగ్రెస్ ఎమ్మెల్యేలు పన్నెండుమంది ఆ లెక్క చూసుకునే టీఆర్‌ఎస్‌లో కలిశారు. అదే నెలలో తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు ఆరుగురిలో నలుగురు బీజేపీలో ‘విలీనం’ అయ్యారు. ఆరుకు నాలుగు. లెక్కల మాస్టారు చూసినా తప్పు పట్టలేడు.

లెక్క కుదరనిచోట స్పీకరు గారి బల్ల ఉంది. అక్కడ పిటిషన్లు ఊరగాయలా ఊరతాయి. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 23 మంది సైకిలెక్కారు, అందులో నలుగురు మంత్రులు కూడా అయ్యారు. ఐదేళ్లలో పిటిషన్ తేలలేదు. 2019 మే 23న ఓటరు తేల్చాడు: తెలుగుదేశానికి సరిగ్గా 23 సీట్లు. స్పీకరుకు రాని లెక్క ఓటరుకు వచ్చింది. తెలంగాణలో బీఆర్‌ఎస్ నుంచి గెలిచి కాంగ్రెస్ వైపు నడిచిన పదిమంది సంగతి మూడు నెలల్లో తేల్చమని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఒకనాడు పక్క పార్టీల మందలను తోలుకొచ్చుకున్న బీఆర్‌ఎస్, తన మేకలు పోయాయని గుడి గంట కొట్టడం చూస్తే కళ్లు చెమరుస్తాయి. నవ్వు వల్ల అనుకోండి.

కొత్తవాళ్లంటే పాతవాళ్లకు భయం లేదా అంటే, ఉంది. వాళ్ల సిద్ధాంతం చూసి కాదు, వాళ్ల బొమ్మ చూసి. 2019లో భువనగిరి లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ చేతిలో కారు ఓడింది 5,219 ఓట్లతో. అక్కడ రోడ్డు రోలరు గుర్తుకు అంతకు ఎన్నో రెట్లు ఓట్లు పడ్డాయి. అప్పట్నుంచి ఆ పార్టీకి కారు ఆకారంలో కనిపించనిదంటూ లేదు. మునుగోడు ఉపఎన్నిక నాటికి రోడ్డు రోలరే కాదు, చపాతీ కర్ర, సబ్బుపెట్టె, టీవీ, కుట్టుమిషను, ఓడ, ఇవన్నీ కారులాగే ఉన్నాయి, తీసేయండని ఫిర్యాదు. సబ్బుపెట్టెను చూసి కారనుకునే ఓటరుకు ఊరికొచ్చి కళ్లు పరీక్షించి అద్దాలిచ్చే కంటివెలుగు పథకం పెట్టింది కూడా ఆ ప్రభుత్వమే. ఆంధ్రలో కేఏ పాల్ హెలికాప్టర్ రెక్కలు ఫ్యాను రెక్కల్లా ఉన్నాయని వైఎస్సార్ కాంగ్రెస్ గోల. 2024లో జనసేన పోటీ చెయ్యని చోట్ల గాజుగ్లాసును ఎవరెవరికో ఇచ్చేశారని ఆ పార్టీ గోల. కార్యకర్త గుండెల్లో ఉన్నామంటారు. గుండెలోనే ఉంటే బొమ్మ దగ్గర ఇంత కంగారెందుకు?

ఇక అసలు బొమ్మ కూడా లేని పార్టీలున్నాయి. దేశంలో నమోదై, గుర్తింపు లేని పార్టీలు 2025 ఆగస్టు నాటికి 2,854. నూరుమంది సభ్యులు, పదివేల రూపాయల రుసుము, ఒక చిరునామా, అంతే. ఆరేళ్లుగా ఒక్క ఎన్నికలోనూ నిలబడకుండా, చెప్పిన చిరునామాలో కనిపించకుండా పోయాయని ఎన్నికల సంఘం ఒక్క దెబ్బతో 334 పార్టీల పేర్లు కొట్టేసింది. పార్టీ ఆఫీసని రాసిచ్చిన తలుపు తడితే లోపలి నుంచి ఎవరొచ్చి ఉంటారో ఊహించుకోండి. ట్యూషన్ చెప్పుకునే మాస్టారా? చెరుగుతున్న చేట పట్టుకున్న గృహిణా? బోర్డు తిప్పడానికి కూడా బోర్డు లేని కంపెనీలివి.

ప్రశ్నించడానికే వచ్చామన్న జనసేన 2019లో ఒక్క సీటు గెలిచింది. ఆ ఒక్కరూ కొన్నాళ్లకు ఎదుటి పక్షాన్నే మెచ్చుకోవడం మొదలుపెట్టారు. 2024లో 21 చోట్ల నిలబడి 21 గెలిచింది. ఇది చిన్న విషయం కాదు, పదేళ్లు ఓపిక పట్టినవాళ్లకు దక్కిన ఫలితమే. కాకపోతే ప్రశ్నించేవాళ్లు ఇప్పుడు జవాబు చెప్పే కుర్చీల్లో కూర్చున్నారు. అవతల ప్రశ్నించాల్సిన పదకొండుమందేమో ప్రతిపక్ష హోదా ఇస్తేనే సభకొస్తామని అలకపాన్పు ఎక్కారు. ప్రశ్నల కౌంటర్లో మనిషి లేడు. క్యూ మాత్రం బయటిదాకా ఉంది. ఢిల్లీలో చీపురు పట్టుకొచ్చినవాళ్ల సంగతీ చూశాం. 2015లో 70కి 67, పదేళ్లకు 22. చీపురు ఎంత కొత్తదైనా మూల ఒకటి ఉంటుంది, చివరికి దాన్ని నిలబెట్టేది అక్కడే.

ఓటరు పత్తిగింజేం కాదు, అదీ చెప్పాలి. 2021 హుజూరాబాద్ ఉపఎన్నికలో పక్క వాడకు కవర్లు అందాయి, మాకు అందలేదని ఆడా మగా రోడ్డు మీద బైఠాయించారు. నీళ్ల కోసం కాదు, కవరు కోసం. మనం బాధితులమే గానీ వడ్డీ ముందే తీసుకునే బాధితులం. అసలు ఎప్పుడో పోతుందని తెలిసినవాడు ఐదేళ్ల వడ్డీ ఒక్కపూట గుంజుకోవాలని చూస్తాడు. నేను సమర్థించను. అయితే ఆ గుంజుకోవడం నేర్పిన బడి ఎవరిదో కూడా అడుగుతాను.

పార్టీల పొడ లేకుండా జనమే ఎదురు నిలిచిన రోజులు రెండున్నాయి. మొదటిది 1996, నల్గొండ. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి ఎముకలు వంగిపోయిన పల్లెలు. ముప్పై ఏళ్లకే ముసలివాళ్లు, గోడ పట్టుకుని నడిచే పిల్లలు. ప్రతి ఎన్నికలోనూ కృష్ణా నీళ్లు తెస్తామనేవారు. విని విని విసిగిపోయి లోక్‌సభకు వాళ్లే నామినేషన్లు వేశారు. అభ్యర్థులు మొత్తం 480 మంది. బ్యాలెట్ పేపరు పేపరు కాదు, పుస్తకం. ఎన్నిక వాయిదా వేసి, కొత్త పెట్టెలు తెచ్చి జరపాల్సి వచ్చింది. అన్ని పార్టీల ప్రణాళికల కన్నా చదవదగిన పుస్తకం అది. ఒక్కో పేరు వెనకా ఒక కుండెడు చెడ్డ నీళ్లు.

ఢిల్లీకి ఆ మొర వినిపించింది. వెంటనే చర్య తీసుకున్నారు. నీళ్లిచ్చారనుకుంటున్నారా? అదే ఏడాది చట్టం సవరించి, లోక్‌సభ అభ్యర్థి కట్టాల్సిన డిపాజిట్ 500 నుంచి 10,000కు పెంచారు. గుర్తింపు ఉన్న పార్టీ మనిషైతే నామినేషన్ మీద ఒక్క ఓటరు సంతకం చాలు, లేనివాడికి పదిమంది సంతకాలు కావాలన్నారు. దాహమైందని గుమ్మంలోకొస్తే గుమ్మం ఎత్తు పెంచినట్టు. ఆ తర్వాత ఆ 10,000 కాస్తా 25,000 అయింది.

రెండోది నిజామాబాద్, 2019. పైన చెప్పిన బాండ్ పేపరు ఊరే. పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది ఈసారి అంత సొమ్మూ కట్టి నిలబడ్డారు. అభ్యర్థులు మొత్తం 185. ఒక్కో బూత్‌లో పన్నెండేసి ఓటింగ్ యంత్రాలు వరసగా పేర్చారు, కిరాణా కొట్లో డబ్బాల్లాగా. ఒక్క రైతూ గెలవలేదు. సిట్టింగ్ ఎంపీ, ముఖ్యమంత్రి కూతురు కవిత ఓడిపోయారు. డిపాజిట్లు పోయాయి నిజమే. ఆ ఒక్కసారి మాత్రం పోయిన డిపాజిట్ ఎక్కడికి పోయిందో రైతుకు తెలుసు. ప్రభుత్వ ఖజానాకు పోయింది, రసీదు చేతిలో ఉంది.

2023లో కొల్లాపూర్‌లో కర్నె శిరీష, జనం ముద్దుగా బర్రెలక్క అన్న అమ్మాయి, ఉద్యోగాలేవని అడుగుతూ ఇండిపెండెంట్‌గా నిలబడితే ఐదువేలకు పైగా ఓట్లు పడ్డాయి. అరకులో 2019లో ‘పైవారెవరూ కాదు’ అన్న మీటకే 47 వేల పైచిలుకు ఓట్లు. నోటా గెలిచినా గెలవనట్టే అని నిబంధన. దానికి డిపాజిట్ ఉండదు, విలీనం ఉండదు, కండువా ఉండదు. ఆ ఒక్క అభ్యర్థి ఇంతవరకు ఫిరాయించలేదు.

బాబాయి ఇంట్లో ఉండగానే మూడో రోజు మధ్యాహ్నం నలుగురు కుర్రాళ్లు బైకుల మీద వచ్చారు. కొత్త పార్టీ. పేరు చెప్పారు గానీ అందులో ప్రజ, జన, నవ అన్న మూడు మాటల్లో ఏ రెండున్నాయో నాకు గుర్తులేదు. పాత పార్టీలన్నీ ఒకటేనని, తాము అలా కాదని, ఊరి మొగదల ఫ్లెక్సీ కట్టుకోవడానికి చావిడి స్తంభం కావాలని అడిగారు. మర్యాదగానే అడిగారు. వాళ్లలో ఒకడి గొంతు బొంగురుపోయి ఉంది.

బాబాయి మజ్జిగ ఇప్పించాడు. అంతా విన్నాడు. లేచి చావిడి తూర్పు మూలకు వెళ్లి, పైకి చూసి, చెయ్యి చాచి జానలు కొలిచాడు.

“ఫ్లెక్సీ ఎంత సైజు బాబూ?”

“పన్నెండు బై ఎనిమిది, బాబాయ్.”

“పన్నెండు చాలదు నాయనా. పదహారుకి కొట్టించండి.”